యాభై శాతం తారీఫ్

పుష్పాబాయికి కోపం వచ్చినా గర్వంగానే వస్తుంది, సంతోషం వచ్చినా గర్వంగానే వస్తుంది. హాలియా దగ్గరి హన్మా తండాలో ఈ మాట కాదనేవాళ్లు లేరు. తండా ఆడవాళ్ల కుట్టు సంఘానికి ఆమే పెద్ద. అద్దాలు, గవ్వలు, రంగు దారాలు పెట్టి లంబాడీ కుట్టుతో వాళ్లు చేసే సంచులు హైదరాబాదుకు పోతాయి. అక్కడ ఊర్మిళ అనే వ్యాపారి వాటిని అమెరికాకు పంపుతుంది. పుష్పాబాయి అమెరికాను చూసింది లేదు, చూడబోయేదీ లేదు. అయినా అమెరికా మాటెత్తితే పక్క తండాలో చెల్లెలి ఇంటి సంగతి చెప్పినంత ధీమాగా చెబుతుంది.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున ఊర్మిళ సంఘం ఫోనుకు తన గొంతు రికార్డు చేసి పంపింది. ఆ ఫోను చూసేది కోడలు శిరీష. ఆమె దారాలు కొనడానికి మిర్యాలగూడ వెళ్లింది కాబట్టి పుష్పాబాయే చెవికి ఆనించుకుంది.

"పుష్పాబాయి గారూ, అమెరికాలో మన సరుకు మీద టారిఫ్ యాభై శాతం అయిందండీ. ఇంత ఎప్పుడూ లేదు. అక్కడ కొనేవాళ్లతో మాట్లాడి మళ్లీ చెప్తాను."

పైన రేకుల మీద వాన దంచి కొడుతోంది. ఆ చప్పుడులో టారిఫ్ కాస్తా తారీఫ్ అయి కూర్చుంది. టారిఫ్ అన్న మాట ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. తారీఫ్ అంటే తెలియనిది కాదు, పొగడ్త. పెళ్లిలో కూర కుదిరితే వండినవాణ్ని నలుగురూ తారీఫ్ చేస్తారు. ఆడపడుచు కుట్టిన రవికెను నోరారా తారీఫ్ చేసే వదినలు కూడా అక్కడక్కడ ఉంటారు. అమెరికావాళ్లు తమ సంచులను ఎన్నడూ లేనంతగా పొగుడుతున్నారన్నమాట. పుష్పాబాయి గుండె ఉప్పొంగింది.

"పొగిడేదానికి యాభై శాతమేంది అక్కా?" అని అనుమానపడింది సంఘంలో ద్వాళి ఒక్కతే. మేళ్లచెరువు సిమెంటు లారీ మీద పనిచేసే ఆమె మొగుడు నడుము దెబ్బతిని మంచాన పడ్డాడు. అప్పటినుంచి ఆ ఇల్లు ఆమె సూది మీదే నడుస్తోంది.

"పదో తరగతి పరీక్షకు మార్కులుండవా? గిది గూడ గట్లనే. అమెరికోళ్లు ఏదైనా లెక్కతోటే చెప్తరు," అంది పుష్పాబాయి.

వాన వెలవగానే హాలియా పోయి జిలేబీ తెచ్చింది. టీకొట్టు వాడికి చెప్పింది, ఆటోవాడికి చెప్పింది, అడగని వాళ్లను ఆపి మరీ చెప్పింది. సాయంత్రం బస్సు దిగిన శిరీషకు టీకొట్టు వాడే ఎదురొచ్చి సంతోషం తెలిపాడు. ఆ పిల్లకు ఏమీ అర్థం కాక, తండాకు వచ్చి ఆ మాటలు ఫోనులో రెండుసార్లు విన్నది.

"అత్తా, తారీఫ్ కాదు. టారిఫ్. అంటే సుంకం. మన సంచి అమెరికాల దిగంగనే దాని ధరల సగం పన్ను కట్టాలె."

"ఎవరు కట్టాలె?"

"గాడ తెప్పించుకునేటోళ్లు."

"మరి మనకేం బాధ?"

"కొనుడు బంద్ చేస్తే తెలుస్తది."

జిలేబీ నోట్లో ఉన్నవాళ్లకు నమలాలో మింగాలో తెలియలేదు. పుష్పాబాయికి సిగ్గుతో ముఖం మాడిపోయింది. రేపు హాలియాలో ఆ టీకొట్టు ముందునుంచే నడవాలి కదా. అయినా తల దించడం ఆమెకు చేతకాదు. "తిన్న జిలేబీ ఏం ఖరాబు కాదు, తినుండ్రి," అని లేచి ఇంట్లోకి పోయింది.

వారం తిరక్కుండా ఊర్మిళ స్వయంగా తండాకు వచ్చింది. వస్తూ ఒక నమూనా సంచి తెచ్చింది. అడుగు బట్ట మీద కుట్టు మెషిన్‌ది. అద్దాలు ప్లాస్టిక్‌వి. పైపైన నాలుగు పోగులు చేత్తో వేస్తే చాలట.

"అమెరికా సర్కారుకు మన కష్టం చెప్పరాదా మేడం?" అని అడిగింది పుష్పాబాయి.

"సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టే ఉంటుందండీ అది. వాళ్లు వినరు. అక్కడ కొనేవాళ్లేమో ధర తగ్గిస్తేనే సరుకు పంపమంటున్నారు, లేకపోతే సుంకం తక్కువున్న దేశం చూసుకుంటారు. ఇలా తేలిగ్గా కుడితే మనం ధర తగ్గించగలం, మీకు పనీ పోదు," అంది ఊర్మిళ. ఆమె మాటలో మోసం లేదు. ఆమె కడుపు కూడా ఈ సంచుల మీదే నిండుతోంది. పది రోజుల్లో మాట చెప్పమని నమూనా అక్కడే వదిలి వెళ్లింది.

పుష్పాబాయి ఆ ప్లాస్టిక్ అద్దాన్ని గోటితో గీరి చూసింది. ముఖం కనిపించని అద్దం అది. ఒళ్లు మండింది. కానీ ఆ మంటతో పొయ్యి వెలగదని ఆమెకూ తెలుసు. మర్నాడు మిర్యాలగూడ బస్సెక్కింది.

అక్కడ జగదీశ్‌కు రైస్ మిల్లు ఉంది, హాలియా దగ్గర భూములూ ఉన్నాయి. తండావాళ్లు ఏటా అతని చేలో పత్తి ఏరతారు. ఉప్పుడు బియ్యం ఓడలెక్కించి అమ్మేవాడు కాబట్టి పరాయి దేశాల సంగతి అతనికి తెలుస్తుందని ఆమె నమ్మకం. మిల్లు ఆవిరిలో, బస్తాల మధ్య కుర్చీ వేయించి అంతా విన్నాడు.

"రెండేండ్ల కింద మన సర్కారే ఉప్పుడు బియ్యం బయటికి పంపితే సుంకమన్నది, అక్కా. పరేషాన్ అయినం. కొందరు కొనేటోళ్లు వేరే దేశం పోయిన్రు. కొందరు మాత్రం ఎక్కువ పెట్టి మా దగ్గర్నే కొన్నరు. మా బియ్యం తిన్న నోరు ఇంకోటి తినదు. సుంకం ఎవని నెత్తిన పడతదో కాయిదం మీద రాసి ఉండదు. నీ అసొంటి సరుకు ఇంకోకాడ దొరికితే నీ నెత్తి మీద, దొరకకపోతే కొనేటోని నెత్తి మీద."

"అయితే సుంకాలన్నీ చెడ్డయే అంటవా సేటూ?"

"గట్లెట్లంట? పత్తి మీద దిగుమతి సుంకం మొన్ననే ఎత్తేసిన్రు. బయటి పత్తి అగ్గువకు వచ్చి పడితే నా పత్తి ఎవడు కొంటడు? గా సుంకం ఉండాల్సిందే. నూలు మిల్లోళ్లు మాత్రం ఖుషీగున్నరు. నూలు అగ్గువైతే నీ దారాలు గూడ అగ్గువైతయ్."

"బియ్యానికి సుంకం వద్దు, పత్తికి కావాలె. న్యాయమంటే నీదే సేటూ."

"మరి నిరుడు నువ్వు కోదాడల ఏమన్నవ్?" అని నవ్వాడు జగదీశ్.

ఆ సంగతి పత్తి చేలో ఆమే అతనికి గొప్పగా చెప్పుకుంది. నిరుడు కోదాడ బట్టల దుకాణంలో మెషిన్ అద్దాల లంగా చూసి, ఇది మాదే కదా అని దుకాణదారును నిలదీసింది. "ఇది చైనా నుంచి వస్తుందమ్మా. మీ లంగా ఒకటి కొనే డబ్బుకి ఇవి నాలుగొస్తాయి. ఆడపిల్లలు ఇవే అడుగుతున్నారు," అన్నాడతను. పరాయి సరుకు మీద దిమ్మ తిరిగే సుంకం వేయాలని ఆ బజారులోనే ఎలుగెత్తింది. ఇప్పుడు అమెరికాలో ఎవరో కుట్టుపనివాడు తన సంచుల గురించి అదే మాట అనుకొని ఉంటాడు. తనది న్యాయమైతే వాడిదీ న్యాయమే. ఆ సంగతి ఒప్పుకోవడానికి కొంచెం కష్టమైంది, కానీ నవ్వు కూడా వచ్చింది.

బస్సులో తిరిగి వస్తుంటే జగదీశ్ మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంకోచోట దొరకని సరుకై ఉండాలి. ఊర్మిళ తెచ్చిన నమూనా లాంటిది ఎక్కడైనా దొరుకుతుంది. ఆ సంచి కుట్టడమంటే సుంకాన్ని పిలిచి మరీ నెత్తిన పెట్టుకోవడమే. ఇవాళ అద్దం తీస్తే రేపు గవ్వ తీయమంటారు, ఎల్లుండి మనుషులనే తీసేస్తారు.

మర్నాడు రేకుల షెడ్డులో సంఘాన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పింది. చివరకు అంది, "మన తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిన్రు, ధాన్యం మోసిన్రు. దారిల ప్రతి గడీ కాడ సుంకం కట్టిన్రు. కట్టి తిట్టుకున్నరు, కట్టి ఏడ్చిన్రు. గని సుంకం కట్టినమని ఉప్పుల ఇసుక కలపలే."

అందరూ తలలు ఊపారు. ద్వాళి ఊపలేదు. "మాట మంచిగుంది అక్కా. నీకు కొడుకున్నడు, కోడలున్నది. నీ గర్వంతోటి నీ కడుపు నిండుతది. నా పిల్లలకు ఏం పెట్టాలె? ప్లాస్టిక్ అద్దమైతే ఏమాయె, పని ఉంటే చాలు నాకు."

పుష్పాబాయికి కోపం రాలేదు, భయం వేసింది. ద్వాళి అన్నదాంట్లో అబద్ధం లేదు. తన మాట నెగ్గి ఆర్డరు పోతే, ఆ పిల్లల ఆకలి తన మెడకు చుట్టుకుంటుంది.

"ఒక్క సంచి కుడదాం," అంది చివరికి. "ఇన్నేండ్లల కుట్టనంత మంచిగ. ధర ఒక్క పైస గూడ తగ్గియ్యం అని చెప్పి పంపుదాం. వాళ్లు వద్దంటే మేడం చెప్పినట్టే ప్లాస్టిక్‌ది కుట్టుండ్రి, నేను అడ్డం రాను. కాకపోతే గప్పుడు సంఘానికి ఇంకో పెద్దను చూసుకోండి."

సంచి కుట్టడానికి ద్వాళిని కూడా తన పక్కనే కూర్చోబెట్టుకుంది. తన మాటకు ఎదురుచెప్పినా సరే, తండాలో అందరికన్నా సన్నగా కుట్టే చేయి ద్వాళిదే. అద్దం చుట్టూ దారం నాలుగు వరసలు తిరిగింది. అంచున గవ్వలు గింజ జారనంత దగ్గరగా పడ్డాయి. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. అయినా పని ముగిసేసరికి ద్వాళి ఆ సంచిని ఎత్తి వెలుగుకు పట్టి, "గిట్లాంటిది నా పెండ్లికి మా అమ్మ గూడ కుట్టలే," అంది. ఊర్మిళ దాన్ని చూసి నిట్టూర్చింది గానీ, మాట కాదనక పంపింది.

దీపావళి దాటాక ఊర్మిళ నుంచి ఫోను వచ్చింది. ఈసారి శిరీష అందరికీ వినబడేలా పెట్టింది.

"సంచి వాళ్లకి బాగా నచ్చిందండీ. సుంకం వాళ్లే కట్టుకొని, అక్కడ ధర పెంచి అమ్ముకుంటారట. మన ధర మనకి ఇస్తామన్నారు. కానీ అంత ధరకి కొనేవాళ్లు తక్కువ కాబట్టి సరుకు సగమే అడుగుతున్నారు."

మొదటి మాటకు చప్పట్లు కొట్టిన చేతులు చివరి మాటకు ఆగిపోయాయి. సగం సరుకంటే సగం మందికే పని. గెలిచామో ఓడామో ఎవరికీ తెలియలేదు. అందరూ పుష్పాబాయి ముఖం వైపు చూశారు.

"గెలిచినం," అంది ఆమె. "ఒక్క అద్దం తియ్యకుండ గెలిచినం. ఇంట్ల గడవనోళ్లు ముందు కూసోండ్రి. ద్వాళీ, మొదటి సంచి నీది. నేను జరంత సేపు ఆగుత." ఆగుతానన్న మనిషి షెడ్డులో ఆగలేదు. పత్తి ఏరే కాలం వచ్చింది. నడుముకు గుడ్డ జోలె కట్టుకొని జగదీశ్ చేలోకి కూలికి పోయింది.

నాలుగో రోజు జగదీశ్ చేను చూడ్డానికి వచ్చి, సాలులో ఆమెను చూసి నొచ్చుకున్నాడు. "సంఘం పెద్దవి, నువ్వెందుకొచ్చినవ్ అక్కా?"

పుష్పాబాయి నడుము నిలబెట్టి, జోలె సవరించుకుంది. "సుంకం ఎవలో ఒకలు కట్టాలె కద సేటూ. సగం అమెరికోళ్లు కట్టిన్రు. మిగిలింది నేను కడుతున్న."

ఇంతలో గట్టు మీదనుంచి ఎవరో దిగి వస్తూ కనిపించారు. ద్వాళి. ఆమె నడుముకు కూడా జోలె ఉంది.

"నీకు షెడ్డుల పని ఉన్నది కద. గీడికెందుకొచ్చినవ్?" అని గద్దించింది పుష్పాబాయి.

"మేమందరం మాట్లాడుకున్నం. వారం వారం వంతులు. ఇయ్యాల్టి నుంచి పత్తికి నేను, సూదికి నువ్వు. నా తర్వాత ఇంకొకామె. గంత పెద్ద సుంకం నువ్వొక్కదానివే కట్టి, పేరంత నువ్వే కొట్టేద్దామనుకున్నవా అక్కా?"

పుష్పాబాయి ఏదో కటువుగా అనబోయి మానుకుంది. ఆ క్షణాన తన మీద ఆమెకు గర్వం కలగలేదు, ద్వాళి మీద కలిగింది. అది తన గర్వం కన్నా బరువుగా ఉంది. నడుముకున్న జోలె విప్పి, అందులో తాను ఏరిన పత్తినంతా ద్వాళి జోలెలో పోసి, సూది పట్టడానికి షెడ్డు దారి పట్టింది.