దాసు చెయ్యి మెత్తన

నా రాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. బోధన్‌లో లెక్కల టీచర్‌ని, అంకె తప్పు రాయడం నా వల్ల కాని పని. ఆ పొగరుతోనే మూడేళ్లపాటు మా తమ్ముడు దాసు టైములూ, వాడి జట్టులోని నితీష్ టైములూ ఒకే నోటుబుక్కులో రాశాను. ఇప్పుడు ఆ బుక్కును పొయ్యిలో పెట్టినా నా కడుపుమంట చల్లారదు.

ఇద్దరూ మట్టి ట్రాక్ మీద బైకు పందేలు ఆడేవాళ్లు. నిజామాబాద్‌లో గ్యారేజీ నడిపే సాయన్న ఆ జట్టుకు యజమాని, మెకానిక్, గురువు, అన్నీ. రెంజల్ దగ్గర నితీష్ వాళ్ల నాన్న చెరకు మానేసి వదిలేసిన పొలంలో ట్రాక్ వేసుకున్నారు. ఆదివారం చర్చి కాగానే నేనూ దాసూ అక్కడికి పోయేవాళ్లం. నా సంచిలో బైబిలు, నోటుబుక్కు, స్టాప్‌వాచ్ కలిసే ఉండేవి.

బైకులు రెండే, రెండూ ఒకే రకం. పందేల బండికి మాటిమాటికీ పిస్టన్ మార్చాలి. కొత్త పిస్టన్ వేసిన ఇంజన్‌ను మొదటి కొన్ని గంటలు గుంజకుండా మెల్లగా నడిపితేనే అది సాఫీ అవుతుంది. "దాసు చెయ్యి మెత్తన. గా పని వానికే ఇయ్యాలె" అనేవాడు సాయన్న. దాసు పసిపిల్లను నడిపించినట్టు నడిపి బండిని సాఫీ చేశాక, నితీష్ నంబరున్న పలక తెచ్చి దానికి బిగించేవారు. నితీష్ వాడి వాడి అరగదీసిన బండి దాసుకు వచ్చేది. దానికి మళ్లీ కొత్త పిస్టన్, మళ్లీ దాసు. పొలం నితీష్ వాళ్లది కాబట్టి మేమేమీ అనలేదు. దాసు అయితే మురిసిపోయేవాడు కూడా. చెయ్యి మెత్తనని ఒకరు మెచ్చుకుంటే చాలు వాడికి, వెర్రిబాగులవాడు.

ఈ జనవరిలో పుణె జట్టు మేనేజరు ఆత్మారాం గారు వచ్చారు. జాతీయ పందేలకు వాళ్లకు ఒక్కడే కావాలి. ఇరవై ఐదేళ్లు నిండితే కొత్తవాళ్లను తీసుకోరు. దాసుకు ఇరవై నాలుగు నిండాయి, అంటే వాడికి ఉన్నది ఈ ఒక్క అవకాశమే. ఆయన ట్రాక్ వైపు చూడనైనా లేదు. నా నోటుబుక్కు తీసుకుని, కారు బానెట్ మీద పెట్టుకుని పేజీలు తిప్పారు. ఫోనులో ఏవో లెక్కలు వేశారు.

"బండ్లు రెండూ ఒకటే. ఈ దాసు మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ నితీష్‌ను దాటలేదు. చుట్టుకు రెండు సెకన్లు వెనక" అన్నారు హిందీలో. "ఇంత శుభ్రమైన రికార్డు నేనెక్కడా చూడలేదమ్మా."

అప్పుడే నాకు తట్టింది. మూడేళ్లలో ఏ ఒక్క పేజీలోనూ ఆ రోజు ఎవరి ఇంజన్ ఎలా ఉందో నేను రాయలేదు. మాకందరికీ తెలిసిందే కదా, రాయడమెందుకు అనుకున్నాను. సాయన్న వైపు చూస్తే తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గిప్పుడు నోరు లేస్తలేదా అన్నా? కొత్త ఇంజన్లన్నీ ఎవరు సాఫీ చేసిండ్రో సారుకు చెప్పు!"

సాయన్న కన్నా ముందు నితీషే హిందీలో అందుకున్నాడు. "అక్క చెప్పేది నిజం సార్. దాసన్న సాఫీ చేసిచ్చిన బండ్లే నేను నడిపిన. ఒక్కపారి ఇద్దరికీ ఒకటే బండి ఇచ్చి సూడుండ్రి." ఆ పిల్లాడి మీద కోపం పెట్టుకుందామన్నా కుదరదు.

దాసు నా చెయ్యి పట్టి లాగాడు. "వద్దక్కా, పోనీయ్."

"నువ్వూకో తమ్మీ. నువ్వు ఊకున్నందుకే గిట్లయింది."

ఆత్మారాం గారు వాచీ చూసుకుని సరేనన్నారు. ఒకే బండి, బాగా సాఫీ అయినది. చెరి మూడు చుట్లు, అందులో మంచిది లెక్క. స్టాప్‌వాచ్ నా చేతిలోనే ఉంచారు.

ముందు నితీష్ నడిపాడు. వాడి మంచి చుట్టు నిమిషం పద్నాలుగు సెకన్లు. తర్వాత దాసు హెల్మెట్ పెట్టుకుంటూ నన్ను చూసి నవ్వాడు. మంచి బండి చేతికి రావడం వాడికి అదే మొదలు.

మొదటి చుట్టు నిమిషం పదిహేడు. అలవాటు పడుతున్నాడులే అనుకున్నాను. రెండో చుట్టులో చెవి పెట్టి విన్నాను. కాలువ గట్టు పక్క తిన్నని దారిలో నితీష్ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టాడు, ఇంజన్ ఆ చివరి దాకా ఒకే గొంతుతో అరిచింది. దాసు పోతుంటే సగం దారిలో ఆ గొంతు కాస్త తగ్గి మళ్లీ లేచింది. మలుపుకు ముందు ఇంకోసారి తగ్గింది. కొత్త ఇంజన్ వేడెక్కకుండా వాడు ఎప్పుడూ యాక్సిలరేటర్ కాస్త వదిలే చోట్లు అవి.

"అది కొత్తది కాదు దాసూ! గుంజు, గుంజు!" అని గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నాను. మూడో చుట్టులో కూడా అక్కడే తగ్గింది. వాడు కావాలని చేయడం లేదు. మూడేళ్లు నేర్చుకున్న చెయ్యి దానంతటదే చేసుకుపోతోంది.

వాచీ నొక్కాను. నిమిషం పదహారు, మూడింటిలో అదే మంచిది. రెండు సెకన్లు మింగేద్దామా అనిపించింది, దేవుడి ఎదుట ఒప్పుకుంటున్నాను. కానీ ఆత్మారాం గారు నా పక్కనే వంగి చూస్తున్నారు. పైకి చదివాను. తేడా రెండు సెకన్లు, నా నోటుబుక్కులో ఉన్నంతే.

ఆయన నితీష్‌నే తీసుకుంటున్నామని వాడితో చెయ్యి కలిపారు. నితీష్ ముఖంలో సంతోషం లేదు. "మెల్లగ మెల్లగ అని నేనే నేర్పిన బిడ్డా, నేనే వాని చెయ్యి ఖరాబు జేసిన" అని సాయన్న నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన్ను తిట్టడానికి కూడా నాలో ఓపిక లేకపోయింది.

దాసు బండి మీద వెనక కూర్చుని బోధన్ వైపు వస్తున్నాను. చెరకు ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా నడిపాడు. తల తిప్పకుండానే అన్నాడు.

"అక్కా, నువ్వు అడగకపోతే మంచిగుండు."

"ఎందుకు తమ్మీ?"

"బండి మంచిగలేకనే ఎనకబడ్డ అనుకుంటుంటి. బతికినన్ని దినాలు గట్లనే అనుకుంటుంటి."

వాడి భుజం మీద చెయ్యి వేశాను. ఇంటికి వచ్చేదాకా తియ్యలేదు.