కప్పలకు పెట్టిన నీళ్ళు

చిన్న కప్ప వెల్లకిలా తేలుతోంది. పెద్దది తొట్టి మూలలో అద్దానికి ముక్కు ఆనించి నోరు తెరుస్తోంది. దాని వీపు మీద చర్మం తెల్లగా పొరలు లేస్తోంది.

"అమ్మా, సచ్చిపోతాండాయా?" స్కూలు యూనిఫాంలో, ఒక్క జడే వేసుకున్న నా కూతురు సుప్రజ తొట్టిని రెండు చేతులా పట్టుకుంది.

"ఏం చేసినావే?" వంటింటి గడపలోంచి మా అత్త నంజమ్మ అడిగింది.

ఈ ఇంట్లో ఏది చెడినా మొదటి ప్రశ్న అదే. పాలు విరిగినా, ఇన్వర్టర్ ఆగినా, సుప్రజకు జ్వరం వచ్చినా. నేనూ ఏదో చేసే ఉంటాననుకుంటాను. ఈరోజూ అనుకున్నాను. అరగంట కిందట తొట్టిలో నీళ్ళు మార్చింది నేనే.

ఫోన్ స్పీకర్లో పెట్టాను. కప్పల్ని అమ్మిన కుప్పం అంగడి అలావుద్దీన్ ఎత్తాడు.

"తోలు లేస్తాండాదా? రెండే దారులమ్మా. బూజు జబ్బైతే ఉప్పు నీళ్ళలో పెట్టాల. కొళాయి నీళ్ళ బ్లీచింగ్ తగిలుంటే మాత్రం ఉప్పు ముట్టుకోవద్దు, ఆడికాడికే పోతాయి. ఏదో తేల్చి చెప్పు. టైం లేదు."

"రెండు రోజులు నిలవబెట్టిన నీళ్ళేనప్పా."

"అయితే జబ్బే. ఉప్పు తీ."

ఉప్పు డబ్బా తీశాను.

ఈ రెండు కప్పల్నీ ఎంచుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. పెళ్ళయ్యాక నా కోసం నేను ఎంచుకున్నవి ఇవే. చీరలు పుంగనూరులో మా ఆడబిడ్డ ఎంచుతుంది. ఉద్యోగం సుప్రజ నాన్న ఎంచారు, "పక్క వీధి స్కూలైతే మధ్యాహ్నం వచ్చి అమ్మకు అన్నం పెట్టచ్చు" అని. చేపలు చచ్చి ఖాళీ అయిన ఒకటిన్నర అడుగు తొట్టిని పాత సామాన్లకు వేయబోతుంటే నేను అడ్డం పడ్డాను. మొదట ఆక్సొలాటల్ అనే నవ్వుమొహం నీటిబల్లి మీద మనసు పడింది. "దానికి సల్లని నీళ్ళు, ఇంతకు రెండింతల తొట్టి కావాలమ్మా. ఎండాకాలం మీ మదనపల్లెలో కూడా బతకదు" అన్నాడు అలావుద్దీన్. కొమ్ముల కప్పకు మట్టి కావాలి, బతికున్న పురుగులు కావాలి. "మడికాడ ఒకటి పట్టకొస్తే పాయె కదా" అన్నారు ఈయన. "అవి ఎగిరి అద్దానికి తల కొట్టుకుంటాయి సార్. పట్టేదీ తప్పే." చివరికి ఈ ఆఫ్రికా మరుగుజ్జు కప్పల్ని చూపించాడు. బొటనవేలంత. బతుకంతా నీళ్ళలోనే, గట్టు అక్కర్లేదు. "ఒకటే ఐతే దిగులు పడ్తాది, జత తీసుకోమ్మా. కొళాయి నీళ్ళు మాత్రం రెండు రోజులు ఊరికే పెట్టి పొయ్యి." అప్పటినుంచి నీళ్ళు వచ్చినప్పుడల్లా నీలం బకెట్ పట్టి, గుడ్డ కప్పి పెడుతున్నాను. సాయంత్రం కుక్కర్ కూత పెట్టేలోపు తొట్టి దగ్గర నిలబడితే, నా వేలి నీడకు రెండూ ఈదుకుంటూ వస్తాయి. ఆ పది నిమిషాలు నన్నెవరూ ఏమీ అడగరు.

ఉప్పులో చెంచా ముంచి ఆగిపోయాను.

బకెట్. దాన్ని నేను ఎప్పుడూ అంచుకు జానెడు తక్కువగానే పడతాను, ఎత్తలేనని. ఈ పొద్దున ఎత్తితే నడుం పట్టేసింది. అంచుదాకా ఉన్నాయి నీళ్ళు.

కిటికీలోంచి చూశాను. బైక్ తళతళలాడుతోంది. నిన్న ఆయన పుంగనూరు నుంచి వచ్చినప్పుడు దానికి సీటుదాకా బురద. నిన్న వీధిలో కొళాయి రాలేదు.

సుప్రజ నాన్న అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు.

"బండి ఏ నీళ్ళతో కడిగినారు?"

దువ్వెన ఆగింది. దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "బకెట్లో ఊరికే ఉండాయి కదా అని... పొద్దున కొళాయి వస్తానే మళ్ళా పట్టి పెట్టినా కదా! నిండా పట్టినా. గుడ్డ కూడా కప్పినా." ఫోన్ వైపు చూశారు. "నువ్వే మరిచిపోయి కొళాయి నీళ్ళు పోసినానని చెప్పు ఆయప్పకు. ఏమైతాది? పాప ముందర యాల?"

ఉప్పు డబ్బా మూత పెట్టేశాను.

"బ్లీచింగేనప్పా! సుప్రజా, పైన బయ్యమ్మవ్వ ఇంట్లో బోరు నీళ్ళు ఉంటాయి, బిందెతో తే. పరిగెత్తు!"

రెండింటినీ జాగ్రత్తగా తోడి, పెద్ద గిన్నెలో బోరు నీళ్ళలోకి వదిలాను. పెద్దది అడుక్కి దిగి కదలకుండా కూర్చుంది. చిన్నది తేలుతూనే ఉంది. నా వేలితో దాని కింద నీళ్ళను మెల్లగా కదిపాను. చాలాసేపటికి వెనక కాలు ఒకటి చాచింది. మళ్ళీ చాచింది. తిరగబడి, పైకి వచ్చి, ఒక గుక్క గాలి మింగింది.

"ఈదుతాండాదప్పా!"

"బతికినాయి పో" అలావుద్దీన్ నవ్వాడు. "ఉప్పు ఏసింటే అంతే సంగతులు. ఔనమ్మా, నిలవ నీళ్ళంటివే, కొళాయి నీళ్ళు ఎట్ల వచ్చె? ఎవురు చేసినారు?"

"ఇంకెవురప్పా, మా ఝాన్సీనే" అత్త ఫోన్‌కు వినబడేలా అంది. "దాని ద్యాస యాడ ఉంటాదో!"

సుప్రజ ఖాళీ బిందె కింద పెట్టి నావైపు చూసింది. "నువ్వేనా అమ్మా?"

దాని వెనక ఆయన నిలబడి ఉన్నారు, దువ్వెన పట్టుకుని, బతిమాలుతున్నట్టు నవ్వుతూ. చూస్తే జాలేసింది కూడా. పెళ్ళయిన ఏడాది రైలు టికెట్లు మరిచిపోయిననాడు ఇలాగే నవ్వారు, నేనే మరిచిపోయానని అందరికీ చెప్పాను. పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. కానీ సుప్రజ అడిగిన తీరు చూస్తే, నేను ఔనంటే అది నమ్ముతుంది. రేపు ఎవరో అడిగితే, తను చెయ్యకపోయినా అదీ ఔనంటుంది.

ఈ ఇంట్లో మొగుడి పేరు పెళ్ళాం పలకదు. ఆధార్ సెంటర్లో కూడా నా బదులు సుప్రజే చెప్పింది. నేను ఫోన్ దగ్గరికి వంగాను.

"తొట్టిలో పోసింది నేనేనప్పా" అన్నాను, ఇంట్లో అందరికీ వినబడేలా. "బకెట్లో నీళ్ళు మార్చి, మాట చెప్పకుండా గుడ్డ కప్పింది గిరిబాబు."