దీవికి రగ్గెందుకు

అండమాన్ వెళ్తున్నామని దైవాధీనం నోరు జారాడో లేదో, అరకులో ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న. "ఏటి నేరం సేసినారు మాస్టారూ?" బజారు వాళ్లు అడిగారంటే సరే, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు కూడా నవ్వుతూ అదే అడిగారు. పోస్టుమాస్టరు దైవాధీనానికి ఎవరి మీదా కోపం రాలేదు. జేబులోంచి నోటుబుక్కు తీసి, ఓడ వివరాలు రాసుకున్న పేజీ తెరిచి, విశాఖపట్నం రేవు నుంచి పోర్టుబ్లెయిర్‌కి మూడు రోజుల ప్రయాణమని ఓపిగ్గా వివరించాడు. చివర మాత్రం అందరికీ ఒకే మాట చెప్పాడు.

"డిసెంబర్లో సెమట పడతాదటండీ అక్కడ!"

ఆ మాట విలువ తెలియాలంటే డిసెంబరులో అరకు పోస్టాఫీసులో కూర్చుని చూడాలి. కొబ్బరినూనె సీసాలో గడ్డ కడుతుంది. పొద్దున్నే తారీకు ముద్రలో అంకెలు మార్చబోతే వేళ్లు వంగవు. లక్క కరిగించే చిన్న స్టవ్వు మీద చేతులు కాచుకోకుండా ఆయన కిటికీ తెరిచిన రోజు ఈ పదకొండేళ్ల చలికాలాల్లో ఒక్కటీ లేదు. నాలుగేళ్లకోసారి ఉద్యోగినీ భార్యనీ దేశంలో ఎక్కడికైనా తన ఖర్చుతో పంపిస్తానంటుంది సర్కారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆ సెలవుకి బదులు మనిషిని మాత్రం పంపదు. అలాంటిది 1981లో బదులు మనిషీ దొరికాడు, ఓడలో చోటూ దొరికింది. డిసెంబరు ఇరవైన ఓడ. క్రిస్మస్ దీవిలో. ఇంకో మూడేళ్లలో రిటైరయ్యే మనిషికి మళ్లీ ఇలాంటి అవకాశం రాదని ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆయనా, భార్య దేవమణీ.

ఈ ప్రయాణం ఇంతకు ముందు రెండుసార్లు కట్టి విప్పిన మూటే. మొదటిసారి దేవమణికి టైఫాయిడ్. రెండోసారి ఓడ కదిలే ముందురోజు ఆమె తల్లి పోయింది. రెండుసార్లూ దైవాధీనం నోటుబుక్కు పెట్టెలో పెట్టేశాడు గాని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ అనకపోవడమే ఇన్నేళ్లూ దేవమణిని లోపల్లోపల కాల్చింది.

అందుకే నవంబరు ఇరవై తొమ్మిదిన పగలు పదకొండింటికి ఆమెకు వణుకు పట్టుకున్నప్పుడు ఎవరికీ చెప్పలేదు. మర్నాడు శుభ్రంగా ఉంది. ఆ మర్నాడు, అంటే డిసెంబరు ఒకటిన, సరిగ్గా పదకొండింటికి మళ్లీ వచ్చింది. ఏజెన్సీలో ఇన్నేళ్లున్నవాళ్లకి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం. అది గడియారం చూసుకుని వస్తుంది, గంటసేపు వణికిస్తుంది, కాల్చేస్తుంది, రెండింటికల్లా చెమటలు పట్టించి వెళ్లిపోతుంది.

వేరే ఊరి మనిషయితే ఆస్పత్రికి పరిగెత్తేది. దేవమణి క్యాలెండరు ముందు నిలబడింది. ఒకటి, మూడు, అయిదు, ఏడు. జ్వరం బేసి తేదీల్లో వస్తోంది. ఓడ ఇరవైన. ఇరవై సరి తేదీ. అమ్మయ్య అనుకుంది! ఒళ్లు కాలిపోతున్న మనిషికి తేదీ కలిసొచ్చిందన్న సంతోషం చూడండి. ఓడెక్కాక వచ్చినా ఫర్వాలేదు, నడిసముద్రంలో దింపేయరు గదా. ఇదీ ఆవిడ లెక్క.

మాత్రలు లేక కాదు. మలేరియా డిపార్టుమెంటు సుక్రు పదిహేను రోజులకోసారి గడప గడపకీ వస్తాడు. జ్వరమంటే చాలు, వేలు గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకుని, నాలుగు మాత్రలిచ్చి, పుస్తకంలో పేరు రాస్తాడు. రాసి ఊరుకునే రకం కాదు. పక్కింట్లో చెప్తాడు, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని మరీ చెప్తాడు. దైవాధీనానికి తెలిసిందంటే ఆ క్షణమే నోటుబుక్కు మళ్లీ పెట్టెలోకి పోతుంది. ముచ్చటగా మూడోసారి, మళ్లీ ఆమె వల్లే.

పద్నాలుగో తారీకున సుక్రు వచ్చాడు. దైవాధీనం అప్పుడే లోపలికి వచ్చి టీ తాగుతున్నాడు.

"జొరాలేటైనా ఉన్నాయా అమ్మగారూ?"

"నేవు," అంది దేవమణి తలుపుకి అడ్డంగా నిలబడి.

"మాకేటి జొరాలురా, అండమాన్ ఎల్తన్నాం!" అన్నాడు దైవాధీనం వెనకనుంచి.

సుక్రు తలుపు పక్క గోడ మీద ఎర్ర రంగుతో తారీకు వేస్తూ చెప్పాడు. "మా బావమరిది అడివిలో కలప కొట్టీ కూపు పనికని ఎల్లినాడు బాబూ అక్కడికి. రేవులో డాక్టరు సెయ్యట్టుకుని సూసి ఎనక్కి తిప్పీసినాడు. ఒళ్లు కాల్తే ఓడెక్కనివ్వరు. ఏజెన్సీ వోలంటే మరీని." రంగు డబ్బా మూత పెట్టి ఆమె మొహం వైపు చూశాడు. "కళ్లు పచ్చగున్నట్టున్నాయమ్మా. ఓ సుక్క తియ్యమంటారా?"

"కాటుకరా అది," అంటూ తలుపేసేసింది. కాటుక పచ్చగా ఉంటుందా అని తర్వాత ఆమెకే సిగ్గేసింది.

ముందు గది పోస్టాఫీసు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్య ఒక్క తలుపు. బేసి రోజుల్లో పదకొండయ్యేసరికి ఆమె వెనక గదిలో నల్ల రగ్గు కప్పుకుని, పళ్లు టకటకమనే చప్పుడు బయటికి పోకుండా రగ్గు అంచు కొరికిపట్టి పడుకునేది. అవతల ముద్రల చప్పుడు టప్పు టప్పుమని సాగేది. ఒక్కోసారి అది మధ్యలో ఆగిపోయేది. అప్పుడు దేవమణి ఊపిరి బిగబట్టేది. మళ్లీ టప్పుమనగానే వదిలేది. రెండింటికి లేచి, చెమట తుడుచుకుని అన్నం వడ్డించేది. "పొయ్యి సెగ," అనేది. ఆయన ఊ అనేవాడు.

పదిహేడో తారీకున వణుకు మంచి ఊపు మీదుండగా తలుపు ధడేల్న తెరుచుకుంది. చేతిలో టెలిగ్రాం కాగితంతో దైవాధీనం. ఆమె గబుక్కున లేచి కూర్చుంది, రగ్గు భుజాల మీదుగా.

"ఓడ ఒక్క రోజు ఎనక్కి ఎల్లింది మణీ. సముద్రం మీద గాలట. ఇరవై ఒకటిని ఎక్కాల." అని రగ్గు వైపు చూశాడు. "ఏటి సేత్తన్నావు?"

ఇరవై ఒకటి. బేసి. దేవమణికి వణుకులోనూ ఇంకో వణుకు పుట్టింది. "రగ్గులు... సర్దుతున్నాను. ప్రెయాణానికి," అంది దవడలు బిగించి.

"దీవికి రగ్గెందుకే?" అని నవ్వుతూ వచ్చి, భుజాల మీది రగ్గు లాగేశాడు. ఆ రగ్గు లాగిన క్షణం ఆమెకు అరకు కొండలన్నీ మీద పడ్డట్టయింది. చేతులు తొడల కింద పెట్టుకుని, గోడ మీది క్రీస్తు పటం వైపు చూస్తూ కూర్చుంది. ప్రభువా, ఒక్క నిమిషం నన్ను వణక్కుండా ఆపు. ఆయన రగ్గుని నెమ్మదిగా మడతపెట్టాడు. మడిచి, రెండు చేతులతో పట్టుకుని, పోస్టాఫీసు కిటికీలో జనం పిలుస్తున్నా వినిపించనట్టు అలాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని అటక మీద పెట్టి, ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు శుక్రవారం సంత. దేవమణి పసుపు కుప్పల పక్కన కూర్చునే అసిరమ్మ దగ్గరికి వెళ్లింది. వేళ్లూ ఆకులూ అమ్మే ముసలిది.

"జొరం ఆపాల. సోమారం ఒక్క రోజే," అంది గొంతు తగ్గించి.

"సోమారం రావొద్దని దానికి సెప్తే వింతాదేటమ్మా?" అని నవ్వింది అసిరమ్మ. అయినా నేలవేము కట్ట చేతిలో పెట్టింది. "మూడు పూటలా కాసి తాగు. ఆపలేను గాని, కొంచెం ఎనక్కి నెడతాది."

ఆ చేదు పగవాడికి కూడా వద్దు. తాగింది. పంతొమ్మిదిన జ్వరం పదకొండింటికి రాలేదు. పన్నెండుంబావుకి వచ్చింది. అంత వణుకులోనూ దేవమణి దుప్పటి కింద నవ్వుకుంది. రేవులో డాక్టరు చూసేది పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా. అడ్డు తొలగినట్టే.

ఆదివారం దేవమణి ఆరాధన నుంచి వచ్చేసరికి దైవాధీనం పరుపు పెట్టి హోల్డాలు చుట్టి, బెల్టులు బిగించి ఉంచాడు. మధ్యాహ్నం పాసింజరెక్కారు. బొర్రా దాటాక ఒక్కో సొరంగం దిగుతుంటే చలి ఒక్కో మెట్టు తగ్గుతూ వచ్చింది. ఆయన నోటుబుక్కు తీస్తాడని, మళ్లీ చదివి వినిపిస్తాడని ఆమె ఎదురుచూసింది. తియ్యలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సంతోషం ఎక్కువై మాట రావడం లేదనుకుంది పిచ్చిది.

సోమవారం రేవులో తొమ్మిదయింది, పదయింది, డాక్టరు జాడ లేదు. ఎండ చురుక్కుమంటున్న ఇనుప షెడ్డులో రెండొందల మంది వరస. పదకొండుంబావుకి డాక్టరొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ల ముందు అరవై మంది పైనే. దేవమణి ఎవరి చేతి గడియారం కనబడితే దాన్ని చూస్తోంది. లోలోపల బేగి, బేగి అనుకుంటోంది.

అప్పుడు దైవాధీనం ఒక వింత పని చేశాడు. క్యూలో ఎవడైనా ముందుకు దూరితే తనే పక్కకి జరిగే మనిషి, పెట్టె నెత్తిన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. "బేగి జరగండి బాబూ, ఆడమనిషి ఉంది," అని అరుస్తున్నాడు. ఎవరో లుంగీ మనిషి చొక్కా పట్టుకుంటే చెయ్యి విదిలించి కొట్టాడు. దేవమణి నిర్ఘాంతపోయింది. ఈయనకెందుకు ఇంత తొందర?

పన్నెండు కావస్తుండగా బల్ల దగ్గరికి చేరారు. డాక్టరు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "జ్వరమేమైనా వచ్చిందా అమ్మా ఈ మధ్య?"

"నేదండీ."

"ఎక్కణ్నుంచి?"

"అరకు," అంది. చెప్పాక నాలుక కరుచుకుంది.

డాక్టరు తలెత్తి, కింది రెప్ప లాగి చూశాడు. తర్వాత నుదురు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపుందో దేవమణికి తెలియదు. చివరికి ఓడెక్కొచ్చని రెండు చీటీల మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆమె వాటిని పిడికిట్లో బిగించి నడిచింది. తెల్లటి ఓడ, దాని పక్కన వాలిన మెట్లు. ఇంకో యాభై అడుగులు. నలభై. వీపు మధ్యలో చన్నీళ్ల చుక్క జారినట్టయింది. కాదు కాదు అనుకుంది. మోకాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"నడవండి, నడవండి," అంది పళ్ల సందునుంచి.

దైవాధీనం నడవలేదు. మెట్ల ముందు పెట్టె దింపాడు. హోల్డాలు కింద పెట్టి బెల్టులు విప్పాడు. పరుపు మడత తీశాడు. అడుగున నల్ల రగ్గు ఉంది. అటక మీద పెట్టిన రగ్గే. దాన్ని దులిపి ఆమె చుట్టూ కప్పి, గడ్డం కింద బిగించి పట్టుకున్నాడు.

ఆ మండే ఎండలో దేవమణి రగ్గుని చూసింది, మొగుణ్ని చూసింది.

"ఎప్పుడెట్టినారు?"

"నిన్న. నువ్వు పార్దనకెల్లినప్పుడు."

"తెలుసా మీకు?"

"రగ్గు లాగినప్పుడు ఒళ్లు కాలిపోతన్నాది. అంతకు ముందు కూడా..." అని ఆగాడు. "రోజూ ముద్రలో తారీకు మార్చీ వోణ్ని మణీ. ఏ రోజు తలుపేసుకుంటన్నావో తెలీదా నాకు?"

"తెలిసీ తీసుకొచ్చినారా?"

ఆయన తల దించుకున్నాడు. మెట్లెక్కే జనం వాళ్లని తప్పుకుని పోతున్నారు. దేవమణికి ఒళ్లు మండిపోయింది, జ్వరం ఇంకా మంట దాకా రాకుండానే. ఇన్ని రోజులు రగ్గు కొరికి, నేలవేము తాగి ఈ మనిషి కోసం దాచింది. ఈ మనిషేమో అన్నీ తెలిసి, తెలియనట్టు అవతల ముద్రలేసుకుంటూ కూర్చున్నాడు. దీవి మీద అంత మోజా? పెళ్లాం కన్నానా?

"ఎల్లుండి నడిసముద్రంలో మళ్లీ వత్తాది గదా," అంది వణుకుతూ. "ఏటి సేద్దామనుకున్నారు?"

దైవాధీనం ఆమె గడ్డం కింద రగ్గు ఇంకాస్త బిగించాడు.

"రగ్గు కప్పుదామనుకున్నాను."

"అంతేనా?"

"అంతే."

ఆమె తిట్టడానికి నోరు తెరిచింది. పదకొండేళ్లు చలిలో చేతులు కాచుకున్న మనిషి, ఇంతకన్నా పెద్ద ఆలోచన చేతగాక, ఇంతకన్నా చిన్న ఆశ లేక తన ముందు నిలబడ్డాడు. కోపం పోలేదు. కోపంతోనే జాలి కూడా వచ్చింది, తట్టుకోలేనంత.

"ఎక్కుదాం పదండి," అంది. "వచ్చింది గదా ఇంక. కప్పుకుని పడుకుంతాను."

ఆయన ఓడ వైపు చూశాడు. ఆ చూపులో ఎంత ఆకలుందో ఆమె చూసింది. తర్వాత ఆమె పిడికిలి విప్పి, నలిగిన రెండు చీటీలూ తీసుకుని డాక్టరు బల్ల దగ్గరికి నడిచాడు. జనం మధ్యలోంచి ఆయన గొంతు వినిపించింది. "మా ఆడదానికి చలిజొరం బాబూ. మాం ఎల్లం. మాత్రలుంటే ఇప్పించండి."

ఓడ మూడింటికి కదిలింది. అప్పటికి ఆమె షెడ్డు గోడకి చేరబడి, హోల్డాలు మీద కూర్చుని ఉంది. డాక్టరిచ్చిన నాలుగు మాత్రలూ ఆయన దగ్గరుండి మింగించాడు. వణుకు పోయింది, మంట పోయింది. ఎప్పటిలాగే చివరికి నుదురు మీద, మెడ మీద, వీపు మీద నీళ్లు కారాయి. రగ్గు తీసి పక్కన పెట్టింది.

ఓడ దాటిపోయే దాకా దైవాధీనం కన్ను తిప్పలేదు. అది చిన్నదై, మసకై, ఇక లేకుండా పోయాక జేబులోంచి రుమాలు తీసి ఆమె మొహం తుడవబోయాడు.

దేవమణి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యండి," అంది. "డిసెంబర్లో సెమట పడతాదన్నారు గదా. పట్టింది."

రెండుసార్లు ప్రయాణం ఆగినా చెమ్మగిల్లని కళ్లు ఆయనవి. అంత జనంలో, ఆ రుమాలుతోనే మొహం కప్పుకుని, భుజాలు అదిరేలా ఏడ్చాడు.