శుక్రవారపు సాక్ష్యం

నేను ఒక మైకును. మాట కంటే ముందు నాకు అందేది ఊపిరి. మనిషి నోరు తెరిచే ముందు తీసుకునే ఆ చిన్న గాలి నా జల్లెడకు తగలగానే, వచ్చేది నిజమో, నిజంలాంటిదో తెలిసిపోతుంది. తెలిసి చేయగలిగింది ఏమీ లేదు. రెండింటినీ ఒకే గట్టిదనంతో బయటికి పంపడమే నా పని.

ఢిల్లీలో ఒక ఇరుకు కార్ఖానాలో నా గొంతులో తీగచుట్ట బిగించారు. అక్కడినుంచి రేపల్లె వచ్చి, మైకుసెట్లు అద్దెకిచ్చే మస్తాన్ చేతిలో పడ్డాను. పెళ్ళిళ్ళు, పుష్కరాలు, ఎన్నికలు. నన్ను అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఓట్లడిగేవాళ్ళు. చెప్పేదాని మీద నమ్మకం తగ్గినకొద్దీ మనిషి పిడికిలి బిగుస్తుంది. అలాంటి ఒక పిడికిట్లోనే నా మెడమీది బొత్తాం ఇరుక్కుపోయింది. మస్తాన్ దాని మీద నల్లటేపు చుట్టి, కాలవకట్ట మీది పల్లెలో ఉన్న చిన్న చర్చికి నన్ను ఇచ్చేశాడు. అప్పటినుంచి నన్ను నేను ఆపుకోలేను. గోడ వెనక గదిలో, యాంప్లిఫయరు పెట్టె దగ్గర కూర్చున్న మనిషే ఆపాలి.

ఆ చర్చిలో సాక్ష్యం చెప్పడమనే అలవాటు ఉంది. పాటలయ్యాక ఎవరైనా లేచి, తమ బతుకులో జరిగింది అందరి ముందూ చెబుతారు. వినేవాళ్ళు అడ్డుప్రశ్న వేయరు. ఒకరి బరువు ఒకరు మోయాలంటే ముందు ఆ బరువేమిటో తెలియాలని పాస్టరు జెకర్యాగారు అంటారు. అడ్డుప్రశ్న వేయకపోవడం వాళ్ళ ప్రేమ. ప్రమాదం కూడా అందులోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. పదిహేనుమంది పట్టే గదికి మైకెందుకో నాకు అర్థం కాదు. కానీ నన్ను పట్టుకోనిదే వాళ్ళకు సాక్ష్యం చెప్పినట్టుండదు. శుక్రవారాల్లో చర్చి కప్పు మీది హారన్ స్పీకరును ఆపేస్తారు. ఒక శుక్రవారం పొద్దున ఒక ముసలాయన పోతే, భూస్థాపన ఎన్నింటికో ఊరికి చెప్పడానికి హారన్ పెట్టారు. మళ్ళీ ఆపడం మరిచిపోయారు.

నన్ను అందుకున్నది దయామణి. పన్నెండేళ్ళ కిందట ఒంటరిగా ఈ పల్లెకు వచ్చి, మిషను కుట్టుకుని బతుకుతున్న మనిషి. ఆమె చూపు గోడకు ఆనుకుని కూర్చున్న తబిత మీద ఉంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, మే నెల ఎండల్లోనూ మణికట్టు దాకా చేతుల జాకెట్టు. మూడు వారాలుగా ఆ పిల్ల పెదవి విప్పలేదు.

దయామణి ఊపిరి రెండుసార్లు తెగి అతుక్కుంది.

"మా ఆయన పోయాడని మీకు చెప్పానమ్మా. అబద్ధం. బందరు అవతల బతికే ఉన్నాడు. కొట్టే ముందు నాలికతో టక్కుమని చప్పుడు చేసేవోడు, ఎడ్లను అదిలిస్తారే, అట్టా. అది ఇంటే చాలు, నా చేతులు వాటంతటయ్యే తలమీదికి పొయ్యేయి. ఒకరోజు పురుగుమందు గ్లాసులో పోసుకున్నా. ఆ వాసనకి తెలివొచ్చి, పారబోసి, కట్టుబట్టల్తో బస్సెక్కా. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ గదిలో ఒకళ్ళు గ్లాసు దాకా వచ్చారని నాకనిపిస్తంది. పారబొయ్యి తల్లీ. నా దగ్గరకి రా. రెండో మిషను ఖాళీగానే ఉంది."

తబిత మోకాళ్ళలో ముఖం దాచుకుని అంది: "అటక మీద పెట్టానక్కా."

అంతలో పాలమ్మే సువార్తమ్మ గుమ్మంలోకి రొప్పుతూ వచ్చింది. "ఒసేయ్, మీ మాటలు కట్టంతా ఇనపడతన్నయ్యే. చేపల వ్యాను వాళ్ళు కూడా ఆగి ఇంటన్నారు."

పాస్టరుగారి భార్య వెనక గదిలోకి పరుగెత్తింది. దయామణి నన్ను ఇంకా పట్టుకునే ఉంది.

తబిత ఆ సాయంత్రమే వచ్చి రెండో మిషను ముందు కూర్చుంది. తొమ్మిదో రోజు ఆదివారం, తెల్లచొక్కా వేసుకున్న ఒక మనిషి సాక్ష్యం చెప్పుకుంటానని అడిగాడు. పేరు సుందర్రావు.

పశ్చాత్తాపపడేవాళ్ళ ఊపిరి ఎక్కడో ఒకచోట తెగుతుంది. అతనిది గడియారంలా నడిచింది. "నేను పాపినండి. బంగారం లాంటి భార్యని తరిమేసుకున్నా. మా మేనల్లుడు చేపల వ్యాను తోలతా ఈ కట్టమీద ఆమె గొంతు గుర్తుపట్టాడు. ఇది దేవుడి కార్యం కాదంటారా?"

మగవాళ్ళ వైపు నుంచి ఆమెన్ వచ్చింది. "చచ్చిపోయిన మొగుడు లేచిరావడం ఇదే చూట్టం," అని ఒక పెద్దాయన అంటే నవ్వారు కూడా. అప్పుడు, మాటకూ మాటకూ మధ్య, అతని నాలుక టక్కుమంది. స్పీకర్లలోంచి అందరికీ వినిపించింది. మగవాళ్ళకు అది ఏమీ కాదు. ఆడవాళ్ళ వైపు ఆమెన్ ఆగిపోయింది. దయామణి చేతులు తల దగ్గరికి వెళ్ళి, పైట సర్దుకున్నట్టుగా దిగాయి.

"దయామణీ, క్షమించానని సంఘం ముందు ఒక్కమాట చెప్పమ్మా," అన్నారు జెకర్యాగారు మెత్తగా. ఆయన ఊపిరిలో కల్మషం లేదు. అందుకే నాకు భయం వేసింది.

నన్ను ఆమె చేతిలో పెట్టారు.

"క్షమించానండి. ఎప్పుడో క్షమించా. ఆయనతో మాత్రం వెళ్ళనండి."

సుందర్రావు నన్ను తిరిగి తీసుకున్నాడు. పిడికిలి బిగిసింది. గొంతు మాత్రం వెన్నలా ఉంది. "రానక్కర్లేదయ్యగారూ. ఆమె మనసు మారేదాకా నేనే ఇక్కడుంటా."

స్తోత్రాలతో కప్పు రేకులు అదిరాయి.

ఉన్నాడు. కాలవ అవతల గది తీసుకున్నాడు. ప్రతి ఆదివారం అందరికంటే ముందే వస్తాడు, చాపలు పరుస్తాడు. కరెంటు పని తెలిసినవాడని మైకుసెట్టు బాధ్యత జెకర్యాగారే అతనికి అప్పగించారు. ఇప్పుడు రోజూ నన్ను తుడిచేది అతనే. చాలా శుభ్రంగా తుడుస్తాడు.

ఈ శుక్రవారం దయామణి నన్ను అందుకుని, ఊపిరి తీసుకుని, మాట్లాడకుండా చాప మీద పెట్టింది. సంచిలోంచి కుట్టగా మిగిలిన గుడ్డలు తీసి నా చుట్టూ మడతలు మడతలుగా చుట్టింది. ఆడవాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరికి జరిగారు. నేను లేకుండా సాక్ష్యం చెప్పుకోవడం వాళ్ళకు అదే మొదలు. మాట్లాడుతున్నది తబిత. మాటలు నాకు అందలేదు, వెచ్చదనం అందింది.

వెనక గది తలుపు ఓరగా ఉంది. పెట్టె మీద నా గొంతు పెంచే మీట మెల్లగా పైకి తిరుగుతోంది. వినకుండా ఉండేలా నన్ను ఎవరూ తయారుచేయలేదు. గుడ్డ ఇంకొక్క మడత ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నాను.

తలుపు అవతల నాలుక టక్కుమంది.

తబిత మాట ఆగింది. కాసేపటికి, ఇంకాస్త మెల్లగా, మళ్ళీ మొదలైంది.