వేడినీళ్ల మరక

లాండ్రీ ఆయనకు ఒక జబ్బుంది. ఎదుటివాళ్ల బట్టల మీద ముందు మరకను చూస్తాడు, తర్వాతే మనిషిని చూస్తాడు. తనకు కాబోయే భార్యను మొదటిసారి చూసొచ్చినప్పుడు పిల్ల ఎలా ఉందని తల్లి అడిగితే, "చెంగు మీద సిరా మరక ఉందమ్మా, నిమ్మరసం రాస్తే పోతుంది" అన్నాడు. ఆ చెంగు మనిషే పన్నెండు రోజుల కిందట ఆయనకు కూతుర్ని కని ఇచ్చింది.

బాలింత గుడ్డలు ఉతికే పని ఆయన తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. తల్లి అడ్డం రాబోతే, "మోకాళ్ల నొప్పులతో నువ్వేం వంగుతావమ్మా? ఊరందరివీ ఉతికేవాణ్ణి, నా పెళ్లానివి ఉతకలేనా?" అని నోరు మూయించాడు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ చెప్పిన మాటలు ఆయనకు కంఠతా వచ్చు. మొదట్లో రక్తం ఎర్రగా అవుతుంది, నాలుగైదు రోజులకు గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత తెల్లబడుతూ నెలా నెలన్నరకు ఆగిపోతుంది. తగ్గిన ఎరుపు మళ్లీ వచ్చి గంటకో గుడ్డ తడిసిపోతుంటే మాత్రం ఆలోచించకుండా వచ్చెయ్యాలి. రంగుల సంగతి నాకు చెప్పాలా అనుకున్నాడు మహానుభావుడు.

రోజూ పొద్దున్నే బకెట్టు ముందు కూర్చుని చన్నీళ్లలో జాడిస్తూ రంగు చూసేవాడు. ఐదో రోజుకు ఎరుపు విరిగింది. ఎనిమిదో రోజుకు గోధుమరంగు వచ్చింది. పదో రోజుకు ఏడు గుడ్డలు నాలుగయ్యాయి. చేతులు తుడుచుకుంటూ మంచం దగ్గరికొచ్చి, "మేడమ్ గారు బ్రహ్మాండంగా కోలుకుంటున్నారు" అని చాటింపు వేశాడు.

"మీ అమ్మాయి కూడా తడిపింది. దాని రంగు కూడా చూసి చెప్పండి" అంది ఆమె.

పదకొండో రోజు రెండే గుడ్డలు. పన్నెండో రోజూ రెండే. లాండ్రీ ఆయన ఈల వేసుకుంటూ షాపుకు పోయాడు.

మధ్యాహ్నం భోజనానికొచ్చి దండెం మీది గుడ్డలు తీస్తుంటే, పాప గుడ్డల వెనక దాచినట్టు ఒకటి కనిపించింది. నడిమధ్యన అరచేయంత మరక. ముందు ఉడుక్కున్నాడు, నా చేతికింద మరక మిగలడమా అని. వేళ్లతో రుద్ది చూశాక చెయ్యి ఆగిపోయింది. అది తాను ఉతికింది కాదు. చన్నీళ్లకు వదిలిపోయే రక్తం వేడినీళ్లు తగిలితే నూలును కరుచుకుని ఇక పోదు. ఆ ఇంట్లో వేడినీళ్లంటే బాలింత స్నానానికి కాచినవే.

లోపలికి వెళ్లాడు. పక్కలో పాప నిద్రపోతోంది. ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"నిన్నటినుంచి ఎన్ని మార్చావ్?"

"రెండే కదండీ, మీరే ఉతికారుగా."

"నేను ఉతికినవి కాదు. నువ్వు ఉతికినవి."

ఆమె తేలు కుట్టిన దొంగలా తల పక్కకు తిప్పుకుంది. మెల్లగా అంది. "నిన్న మళ్లీ ఎర్రగా మొదలైంది. పొద్దుటినుంచి గంటకొకటి తడుస్తోంది. ఇందాక ఒక గడ్డ కూడా పడింది, నిమ్మకాయంత."

లేచి నిలబడబోతే ఆమెకు కళ్లు తిరిగాయి. తల్లి పరుగున వచ్చి పాపను ఎత్తుకుని, "నా కళ్లెదుటే పాలిపోతుంటే బాలింతకు మామూలేలే అనుకున్నానురా" అని ఒకటే ఏడుపు. లాండ్రీ ఆయన భార్యను రెండు చేతులా ఎత్తి, బట్టలు చేరవేసే వ్యానులో పడుకోబెట్టాడు. పాపతో తల్లీ ఎక్కింది. వ్యాన్ నిండా హోటలు వాళ్లవి, అప్పుడే ఉతికిన తెల్ల దుప్పట్లు.

"మరకలవుతాయండీ" అంది ఆమె ఆ స్థితిలో కూడా.

"అయితే కానియ్" అన్నాడాయన.

లోపల చిన్న మాయ ముక్క ఉండిపోయిందన్నారు ఆస్పత్రిలో. తీసేశారు, రక్తం ఎక్కించారు. "రాత్రిదాకా ఆగి ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయ్యేది" అంది డాక్టరమ్మ.

సాయంత్రం ఆమె కాస్త తేరుకున్నాక, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాడు. "నా దగ్గర ఎందుకు దాచావే?"

"కాన్పు రోజు మీరేం చేశారు? నా దుప్పటి చూసి దబ్బున పడిపోయారు. నర్సులు నన్నొదిలేసి మీ ముఖాన నీళ్లు చల్లారు." ఆమె నవ్వబోయి, నీరసంతో ఆగింది. "పైగా రోజూ పొద్దున్నే రంగు చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. మళ్లీ ఎర్రగా అయిందని ఏ నోటితో చెప్పను? మీ ముఖంలో ఆ సంతోషం పోతుందనిపించింది. రెండ్రోజుల్లో అదే తగ్గుతుందిలే అనుకున్నా."

తన ఉత్సాహమే ఆమె నోరు కట్టేసిందని ఆయనకు అప్పుడర్థమైంది. బకెట్టులోకి చూసిన కళ్లు ఒక్కసారి ఆమె ముఖంలోకి సరిగ్గా చూసి ఉంటే, నిన్ననే తెలిసేది.

"నాకు భయమే" అన్నాడు. "భయమేస్తే పడిపోతాను. ముఖాన నీళ్లు కొడితే లేస్తాను. నువ్వు పడిపోతే నన్ను లేపేదెవరు?" అని ఆమె చేతిలో ముఖం పెట్టి ఏడ్చేశాడు. ఆమె సూది లేని చేత్తో ఆయన జుట్టు నిమిరింది.

మర్నాడు పొద్దున్న ఆయన వరండాలో పాపను భుజాన వేసుకుని తిప్పుతుంటే, లోపలినుంచి వార్డంతా మార్మోగేలా పిలుపు వినిపించింది.

"ఏమండీ! నర్సమ్మను పిలవండి, గుడ్డ మార్చాలి. ఎర్రగానే ఉంది, కానీ నిన్నటికంటే తక్కువ!"

పక్క మంచాల ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. లాండ్రీ ఆయన గుమ్మంలోకొచ్చాడు. ఈసారి చాటింపేమీ వేయలేదు. ముందు ఆమె ముఖం చూశాడు, పెదాలు చూశాడు, కళ్లు చూశాడు.

"పిలుస్తా. మళ్లీ తడిస్తే మళ్లీ ఇలాగే కేకెయ్" అన్నాడు.