అగ్గిపెట్టెలో పట్టే బరువు

బొగ్గు డబ్బాలోని బూడిదను గోకి తీసి, కురుమయ్య పక్కకు తిరిగి ఉమ్మాడు. ఉమ్మి నల్లగా పడింది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక చీరల షావుకారు పాత వ్యాను వెనక ఈ డబ్బా బిగించారు. అందులో బొగ్గు మండితే పుట్టే గాలితోనే బండి నడవాలి. రోజూ పొద్దున్నే దాని కడుపు కడిగే పని డ్రైవరుదే. గద్వాల నుంచి అయిజకు నూలు బేళ్లు తోలడం, అక్కడి నేతగాళ్ల దగ్గర చీరలు ఎత్తుకుని రావడం. భార్య పోయాక కురుమయ్య బతుకులో ఇంతకు మించి ఏమీ మిగల్లేదు.

ఒంటికి పట్టే మసి ఒక ఎత్తు, షావుకారు బాలకిష్టయ్య పక్కన నిలబడి ఆకు నములుతూ మాట్లాడటం ఒక ఎత్తు. మాట్లాడినప్పుడల్లా ఎర్రటి తుంపర్లు వచ్చి చేతిమీద పడతాయి. కురుమయ్య తుడుచుకుంటాడు. ఎన్నేళ్లుగానో తుడుచుకుంటూనే ఉన్నాడు.

వెనక టైర్లు రెండూ అరిగి దారాలు తేలాయి. షావుకారు రాయచూరు నుంచి దొంగచాటుగా రెండు జతలు తెప్పించి వాకిట్లో పెట్టించాడు. ఒక జత ఎవరిదో కారుకు వేసినవి, నున్నగా మెరుస్తున్నాయి. రెండో జత సామాను బండివి. మట్టి పట్టి, పక్కన అతుకు పడి, చూడటానికి వికారంగా ఉన్నాయి. కొలత అన్నింటిదీ ఒకటే. తేడా లోపల ఉంది. టైరుకు బలం రబ్బరు లోపల పేర్చిన నూలు పొరలది. కారువి నాలుగు పొరలు, అతుకువి ఆరు. చీర కొంగు తిరగేసి చూసి, ఒక్క పోగు తగ్గినా నేసినవాణ్ని నానా మాటలు అనే బాలకిష్టయ్యకు ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

"గా అతుకుయే ఎయ్యాలె సావుకారీ. నాలుగు పొరలయి బరువుకు ఆగయి," అన్నాడు కురుమయ్య.

"ఏం బరువయ్యా? మన గద్వాల చీరె అగ్గిపెట్టెల పడ్తది. అగ్గిపెట్టెకు ఆరు పొరలెందుకు?"

"పొయ్యేటప్పుడు నూలు బేళ్లుంటయ్ గదా. ఎన్క బొగ్గు డబ్బా. మీద మనుషులు."

"నాకు తెల్వదా? గట్టియి కావాలని ఇంకొకాయన అడుగుతుండు. ఎక్కువిస్తనన్నడు. నువ్వు జర నిమ్మలంగ తోలు."

తెలియక అన్నవాణ్ని క్షమించవచ్చు. ఇతను తెలిసి, పళ్ల సందున వక్క పలుకు తీసుకుంటూ, నవ్వుతూ అన్నాడు. కురుమయ్య బండి అక్కడే వదిలేసి పోదామనుకున్నాడు. పోయి చేసేదేమిటి? సొంతూరు అమరచింతలో ఉన్న కాస్త చెలకను అన్న దున్నుకుంటున్నాడు. స్టీరింగు తప్ప తనకు మరో పని రాదు. తను దిగితే ఇంకెవడో ఎక్కి ఆ టైర్లమీదే తోలుతాడు. నోరు మూసుకుని కారు టైర్లు బిగించాడు. తనమీద తనకే రోత పుట్టింది.

షావుకారు వాటికి పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ భక్తి చూస్తే ఒళ్లు మండింది. ఆ వెంటనే అయిజ సంతకు పోయేవాళ్లను బేళ్లమీద కోళ్లను కుక్కినట్టు కుక్కి పంపాడు.

ఎండెక్కాక, వాగు దిగుడు దగ్గర కురుమయ్య బండి ఆపి, వెనక టైరుమీద అరచేయి ఆనించాడు. పెనంలా కాలుతోంది. పక్కన పిడికిలంత ఉబ్బింది. చల్లారేదాకా ఆగుదామంటే సంత అయిపోతుందని గోల చేశారు. బేళ్లు దించుదామంటే ఒక్కడూ చేయి వేయలేదు.

"అట్లయితే మీరన్నా దిగున్రి. వాగు దాటిందాంక నడువున్రి."

"కిరాయి దీస్కొని నడిపిస్తుండు, సిగ్గులేదు," అన్నాడు ఒకాయన, తలపాగా సర్దుకుంటూ.

అమృతమ్మ అనే ముసలామె అక్కడే ఒక రాయిమీద కూలబడింది. "పొద్దుగాల్నుంచి కడుపుల ఏం లేదు కొడుకా. నేను నడ్వ."

కురుమయ్య తన రొట్టెల మూట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "తిను అవ్వా. తిని నిమ్మలంగ రా. అవుతల ఆగుత."

ఆమె మూట విప్పి, ఉల్లిగడ్డ లేదా అని అడిగింది.

బండి ఒంటరిగా దిగింది. సగం దిగాక టపాకాయ పేలినట్టు చప్పుడైంది. వ్యాను ఒక పక్కకు వంగింది, బేళ్లన్నీ అటే జారాయి, బండి వాగులోకి ఒరిగింది. జనం పరుగున దిగి బేళ్లు తొలగించేసరికి కురుమయ్యలో ఊపిరి లేదు. సిగ్గులేదన్నాయన తన తలపాగా విప్పి అతని ముఖంమీద కప్పాడు.

మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. ఆ గుడ్డ ఎత్తి చూడలేదు. బేళ్లు తడిశాయేమోనని ఒక్కొక్కటీ తడిమి చూశాడు. పగిలిన టైరు దగ్గర వంగి, లేచి, ఆకు ఉమ్మేశాడు.

"తాగి తోలిండు," అన్నాడు.

తాగలేదని అక్కడున్న అందరికీ తెలుసు. రేపు మళ్లీ ఆయన బండే ఎక్కాలి కనుక ఎవరూ నోరెత్తలేదు. ఆ మౌనం షావుకారు మాటకంటే అసహ్యంగా ఉంది.

"తాగలే సావుకారీ. నాకు రొట్టె పెట్టిండు," అంది అమృతమ్మ. ఆయన అటు తిరగనైనా లేదు.

సాయంత్రానికి కురుమయ్యను ఎడ్లబండిలో వేసుకుని పోయారు. ముసలామె కూడా వాళ్ల వెనకే నడిచింది. వాగు గడ్డన రాయిమీద మూట విప్పినట్టే ఉంది. అందులో ఒక మూల తుంచిన జొన్నరొట్టె ఎండకు అంచులు పైకి లేచి గట్టిపడింది.