చక్రాల పెట్టెకు శోకం

శ్రీకాకుళంలో కృపానిధి సౌండ్స్ తెలియని మనిషి ఎవరైనా ఉంటే, వాడు ఇందాకే బస్సు దిగి ఉండాలి. పాలకొండ రోడ్డు మీంచి బియ్యం కొట్టు సందులోకి తిరిగి మేడెక్కితే అదే స్టూడియో. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి. రంగు వేయించకూడదా అని ఎవరైనా అంటే లీలారాణికి ఒళ్ళు మండుతుంది. "మనం అమ్మేది గొంతు. బోర్డుతో పనేటి?" అంటుంది. తండ్రి కృపానిధి పోయినప్పుడు, ఇక ఈ ఆడమనిషి తలుపులకు తాళం వేసి మేడ కూడా బియ్యం కొట్టువాడికే ఇచ్చేస్తుందని సందంతా చెవులు కొరుక్కుంది. ఆ కొరుక్కున్నవాళ్ళే ఇప్పుడు, మావాడికి చిన్న వేషమైనా ఇప్పించమ్మా అంటూ మెట్లెక్కుతున్నారు. ఎక్కుతారు మరి! ఆ మేడ మీద తయారవుతున్నది పూర్తి నిడివి సినిమా.

పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చుకునే కృపానిధి ఇంత దూరం ఊహించాడా అంటే, ఊహించే ఉంటాడు. ఆయనేం తక్కువ మనిషా! విశాఖలో పాత ఓడ సామాన్లు అమ్మే చోట ఒక పెద్ద టేపు రికార్డరు కనబడితే, భార్యతో మాటమాత్రం అనకుండా కొనేసి లారీలో వేసుకొచ్చాడు. పళ్ళేలంత చక్రాలు రెండు తిరిగే ఆ యంత్రానికి జనం పెట్టిన పేరు చక్రాల పెట్టె. జూట్ మిల్లు నుంచి చిరిగిన గోనెసంచులు తెచ్చి ముందుగది గోడల నిండా మేకులతో కొట్టాడు. మొదట బాప్టిస్టు సంఘం వాళ్ళ పాటలు పట్టాడు. తరువాత తప్పెటగుళ్ళు, జముకుల కథలు, నాట్ల పాటలు, పడవ పాటలు. కోటబొమ్మాళి సంతలో ఆయన క్యాసెట్లు వంకాయల పక్కనే కుప్ప పోసి అమ్మేవారు. ఒకసారి నాగావళి పొంగి నీళ్ళు సందులోకి వస్తే, ఇంట్లో బియ్యం బస్తాలు వదిలేసి ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని మేడెక్కాడు. "నేనూ పిల్లా ఏమైపోయినా పర్లేదా?" అని భార్య ఆ మాట చచ్చేదాకా దెప్పింది. అప్పటినుంచే స్టూడియో, గోనెసంచులతో సహా, మేడ మీదికి వచ్చింది.

ఆయనకొక పద్ధతి ఉండేది. పాడే మనిషి గడప దాటి లోపలికి రాగానే రికార్డు బటన్ నొక్కెయ్యాలి, తలుపు పైన ఎర్రదీపం వెలగాలి. మనిషి వెళ్ళేదాకా ఆపకూడదు. రెడీ, స్టార్ట్ అనడాలు లేవు. పల్లెటూరి మనిషితో రెడీ అన్నావంటే గొంతు బిగుసుకుపోతుంది, చెమట తుడుచుకుంటూ తీసిన కూనిరాగమే అసలు పాట అనేవాడు. టేపు దండగైపోతోందని ఎవరన్నా గోలపెడితే వినిపించుకునేవాడు కాదు. అందుకే కృపానిధి టేపుల్లో పాటలతో పాటు దగ్గులూ, దెబ్బలాటలూ, "మంచినీళ్ళున్నాయేటి బాబూ" అన్న అడగడాలూ అన్నీ ఉంటాయి. క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, జనం పాటల్ని ఫోన్లలో వింటున్నారు. లీలారాణి తన కొడుకు బెన్హర్‌ను సౌండు పనిలో పెట్టి, ఇక్కడి యాసలో నవ్వుల వీడియోలు తీసి యూట్యూబులో పెట్టి స్టూడియోను నిలబెట్టింది. అన్నీ మార్చింది కానీ ఎర్రదీపం పద్ధతిని మాత్రం మార్చలేదు. ఆ సంగతి మెట్లెక్కే ప్రతి మనిషికీ తెలుసు.

ఇంతకీ సినిమా. అంతా అయింది, ఒక్క శోకం తప్ప. వేటకు పోయిన పడవ తిరిగిరాదు, ఒడ్డుకు మొగుడి శవం కొట్టుకొస్తుంది, భార్య శోకం తీస్తుంది. అదీ సీను. దర్శకుడు ఈశ్వర్ ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకున్న కుర్రాడు, సీను చక్కగా తీశాడు. నటించిన అమ్మాయి కూడా బాగానే చేసింది. తీరా మైకు ముందు శోకం తియ్యమంటే పొలమారినట్టు ఏడ్చింది. సినిమా కొన్న హైదరాబాదు కంపెనీ సోమవారానికి సౌండు మొత్తం పంపెయ్యమంది. మీ వల్ల కాకపోతే మా పాట మేం వేసుకుంటామని ఒక ముక్క పంపింది కూడా. వేణువు మీద ఒక సన్నటి గొంతు, తప్పుల్లేని తెలుగులో ఏడుస్తోంది.

లీలారాణి సగం విని ఆపేసింది.

"ఇది శోకమా, సబ్బు ప్రకటనా?" అంది. "మా నాన్న గోనెసంచుల గదిలోంచి బయటికెళ్తున్న మొదటి సినిమా ఇది. మన ఒడ్డు ఆడది ఇలా ఏడుస్తాదేటి? ఈ పాట పడిందంటే సినిమా మనది కాదు ఈశ్వర్. పోస్టరు మీద పేరుంటాది, అంతే."

"మరెవరు పాడతారు మేడం?"

"జగ్గమ్మ."

"ఆవిడ పాడనన్నాది కదా!"

"పాడించకపోతే నా పేరు మార్చుకుంటాను" అంది లీలారాణి.

జగ్గమ్మది కళింగపట్నం. తెల్లారేసరికి చేపల బుట్టతో టౌనుకొచ్చి వీధివీధీ తిరిగి అమ్ముతుంది. వయసులో ఉన్నప్పుడు మొగుడు గంగులుతో కలిసి ఈ స్టూడియోలో పడవ పాటలు పాడింది. ఆ తరువాత ఒక తుపానులో గంగులు పడవ తిరిగి రాలేదు. తోటివాళ్ళ శవాలు ఒడ్డుకొచ్చాయి, గంగులుది రాలేదు. జగ్గమ్మ బొట్టు చెరపలేదు, గాజులు తియ్యలేదు, శోకం తియ్యలేదు. "సవం వస్తే ఏడుస్తాను. రానిదే ఏటని ఏడుస్తాను?" అని కులపెద్దల నోళ్ళు మూయించింది. అప్పటినుంచీ బుట్ట బేగి ఖాళీ అయిన రోజున మేడెక్కి వచ్చి, గోనె గోడకు ఆనుకుని కూర్చుని, "లీలమ్మా, మా ఆడిని ఓపాలి తిప్పు" అంటుంది. తిప్పడమంటే చక్రాల పెట్టె మీద గంగులు టేపు తిప్పడం. అందులో పాటకు ముందు జగ్గమ్మ కూనిరాగం తీస్తూ ఒకచోట గొంతు జారుతుంది. గంగులు పకపకా నవ్వుతాడు. "ఒసే, జారిపోనాదే నీ గొంతు! మళ్లా పాడు!" అంటాడు. ఆ తరువాతే పాట. జగ్గమ్మ వచ్చేది పాట కోసం కాదు, ఆ నవ్వు కోసం.

శోకం సంగతి లీలారాణి కిందటి నెలలోనే ఎత్తింది. జగ్గమ్మ చెంపలు వాయించుకుంది. "అలాటి మాటనకే తల్లీ! సవం లేని కాడ సోకం తీస్తే ఆ ఇంటికి సవాన్ని పిలిసినట్టే. కిరపానిది బాబు ఇంట్లో నానలాటి పని సేస్తానేటి?" అని బుట్ట నెత్తిన పెట్టుకుని దిగిపోయింది.

శనివారం మధ్యాహ్నం లీలారాణి తనే జగ్గమ్మకు కబురుపెట్టింది. ఆవిడ లెక్క ఆవిడకుంది. గంగులు గొంతు వింటే జగ్గమ్మ మనసు కరుగుతుంది, కరిగినప్పుడు మెల్లగా అడిగితే నోరు విప్పుతుంది అనుకుంది. ఇందులో కొంచెం కపటం ఉందని ఆవిడకు తెలియకపోలేదు. సోమవారం నెత్తి మీదుంది కనక, ఆ ముక్క పక్కకు నెట్టేసింది.

జగ్గమ్మ గడప దాటింది. అద్దం వెనక గదిలో బెన్హర్ బటన్ నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది.

"పండుగప్ప తెచ్చినాను, కూర సేసుకోండి" అంటూ జగ్గమ్మ చిన్న సంచి ఈశ్వర్ చేతిలో పెట్టి, తన గోడకు ఆనుకుని కూర్చుంది. "ఏటి, అడక్కుండానే పిలిసినావు?"

"మీ గంగులు మాట వింటావని" అంది లీలారాణి, టేపు ఎక్కిస్తూ.

చక్రాలు తిరిగాయి. వయసులో ఉన్న జగ్గమ్మ కూనిరాగం తీసింది, గొంతు జారింది, గంగులు నవ్వాడు. గోడకు ఆనుకున్న జగ్గమ్మ ముఖం ఎప్పట్లాగే విచ్చుకుంది. "ఒసే, జారిపోనాదే నీ గొంతు! మళ్లా..." అంటుండగా మాట బరువెక్కింది. చక్రాలు నెమ్మదించాయి. గంగులు గొంతు సాగి సాగి, మూలుగులా మారి, ఆగిపోయింది. పెట్టె వెనక నుంచి కాలిన వాసన, సన్నటి పొగ.

లీలారాణి ఒక్క ఉదుటున వెళ్ళి ప్లగ్గు పీకేసింది. బెన్హర్ పరుగెత్తుకొచ్చి వెనక మూత విప్పి చూసి పెదవి విరిచాడు. మోటారు మాడిపోయింది. ఆ మోటారు ఇప్పుడు ఎక్కడా దొరకదు.

"బెంగ పెట్టుకోకు పెద్దమ్మా. టేపుకేమీ కాలేదు, అదీగాక మొత్తం ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించేను. ఇప్పుడే ఇనిపిస్తానుండు" అన్నాడు.

"అది పొటోరా నాయనా" అంది జగ్గమ్మ. "ఇది మనిసి."

లేచి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది. "ఏడిగా ఉన్నాదే ఇంకా" అంది. కాసేపు అలాగే నిలబడింది. తరువాత ఆవిడ కాళ్ళు చాపుకుని పెట్టె పక్కన నేల మీద చతికిలబడి, జుట్టు ముడి విప్పేసింది. లీలారాణికి అర్థమయ్యేలోపే గొంతు లేచింది.

"ఓలమ్మో... నా సక్రాల పెట్టో...
ఓడ మీంచి దిగినావు, మేడ మీద కూకున్నావు,
సర్చి పాట ఇన్నావు, సంత పాట ఇన్నావు,
నాగావళి పొంగిన్నాడు బాబు నెత్తినెక్కినావు,
బాబు ముందెల్లిపోనాడు, నువ్వెనక పోనావా..."

మనిషి పోతే ఆ మనిషి చేసిన మంచీ చెడ్డా తలుచుకుని ఎలా ఏడుస్తారో, అచ్చం అలాగే. దగ్గులు దాచుకున్నావంది, దెబ్బలాటలు దాచుకున్నావంది. పాడి పోయినవాళ్ళందరి గొంతులూ నీ దగ్గరే కదా పెట్టి పోయారంది. ఈశ్వర్ సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇదీ శోకమంటే! లీలారాణి చూపు ఎర్రదీపం మీదికి పోయింది. హైదరాబాదు వాళ్ళు ఇది విని ఏమంటారో చూడాలి అని, పాపం, ఆ క్షణంలో కూడా అనుకుంది. అంతలో రాగం దిగింది.

"దాసుకున్నావు నా మనిసిని, దాసుకున్నావు...
ఇసక మీద లేనోడిని, నీటి మీద రానోడిని,
నీ కడుపులో దాసుకున్నావు, నవ్వుతుంటే దాసుకున్నావు,
ఇన్నాళ్ళకి ఒడ్డుకొచ్చినావా... గంగులో...!"

లీలారాణికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళు రాని శవం ఇప్పుడొచ్చింది. దాన్ని తీసుకొచ్చి ఈవిడ ముందు పడేసింది తను. సినిమా కోసం, సోమవారం కోసం. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుంది. చరచరా అద్దం గదిలోకి వెళ్ళి, కొడుకు ముఖం కూడా చూడకుండా రికార్డింగు ఆపేసింది. తండ్రి పెట్టిన పద్ధతిని తప్పడం ఆవిడకు అదే మొదటిసారి. పోతే పోయింది, వాళ్ళ వేణువే వేసుకోనీ. ఎర్రదీపం ఆరిపోయింది.

శోకం కూడా ఆగిపోయింది.

"ఒసే లీలా!" అని గోనె గదిలోంచి కేక. జగ్గమ్మ తలుపు పైకి చూస్తోంది. చెంపల మీద నీళ్ళు అలాగే ఉన్నాయి. "దీపం ఆరిపోనాదేటి?"

"నేనే ఆపేనక్కా" అంది లీలారాణి గుమ్మంలోకి వచ్చి. "నీ చేత పాడించాలనే పిలిచేను. తప్పయిపోయింది. ఇది సినిమాకొద్దు. నీ మనిషి శోకం నీది."

"పాడించాలనే పిలిసినావని నాకు తెల్దేటి? నా అంతట నాను రావడమే గానీ, ఏనాడైనా కబురెట్టినావా నువ్వు?" అంది జగ్గమ్మ. "నువ్వు పిలిస్తే పాడేదాన్నేటి? ఆడొచ్చినాడు, నాను పాడతన్నాను. మా ఆడి పాట బాబు దాసినాడు, మా ఆడి నవ్వు దాసినాడు. ఆడి సోకం మటుకు గాలికి పోవాలేటి? ఎలిగించు."

లీలారాణి తల అడ్డంగా ఊపింది.

"సినిమాలో ఏస్తావా?" అని అడిగింది జగ్గమ్మ.

"నువ్వు ఒప్పుకుంటేనే."

"ఎయ్యి. ఇన్నేళ్ళూ ఆడి కోసం ఓ మనిసి ఏడవనేదు. అందరూ ఏడవాల. ఎలిగించవే బేగి, గొంతు ఆరిపోతన్నాది!"

ఎర్రదీపం వెలిగింది. జగ్గమ్మ మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది. చక్రాల పెట్టెనూ ఏడ్చింది, కృపానిధినీ ఏడ్చింది, గంగులు పేరు పెట్టి తనివితీరా ఏడ్చింది. కింద బియ్యం కొట్టులో తూకం ఆగిపోయింది. సందులో జనం మెట్ల దాకా వచ్చి నిలబడ్డారు. అద్దం వెనక బెన్హర్ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూనే మరో చెయ్యి మీటల మీంచి తియ్యలేదు. తాత పోలిక మరి.

అయిపోయాక లీలారాణి జగ్గమ్మ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. మంచినీళ్ళు ఇస్తే జగ్గమ్మ సగం తాగి, సగంతో ముఖం కడుక్కుంది. బొట్టు కరిగి నీళ్ళతో పాటు జారింది. కొంగుతో తుడుచుకుని, జుట్టు ముడి వేసుకుంది.

"ఏదీ, ఇనిపించు" అంది.

బెన్హర్ వినిపించాడు. జగ్గమ్మ కళ్ళు మూసుకుని, తల కొద్దిగా వంచి, తన గొంతు తనే విన్నది. గంగులు పేరు దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడినట్టు కళ్ళు తెరిచింది.

"ఆపు. అక్కడ జారిపోనాది."

"ఎక్కడ పెద్దమ్మా? బంగారంలా ఉంది" అన్నాడు బెన్హర్.

"చాలక్కా" అంది లీలారాణి. ఒక్క టేకుతో ఎవరినీ వదలని మనిషి, బతిమాలినట్టు అంది. "నాకు చాలు. ఇంతకంటే ఎవరూ పాడలేరు."

"నీకు సాలు" అంది జగ్గమ్మ. చల్లబడుతున్న పెట్టె మీద చెయ్యి వేసి, దాని కేసి చూసి నవ్వింది. "మా ఆడు ఇంటే నవ్వుతాడే. నొక్కరా బాబూ. మళ్లా పాడతాను."